పెద్దవాళ్ల ముఖాన్ని గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించుకునే అవసరం రాకూడదు

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనల ఫొటోలను కాస్త ఆగి చూడండి. చాలావాటిలో ముఖం ఏ పెళ్లి గ్రూప్ ఫొటోలోంచో కత్తిరించి తెచ్చినదే. భుజం దగ్గర పక్కవాళ్ల చీర అంచు మిగిలిపోయి ఉంటుంది. లేదంటే దాన్ని చెరపబోయి భుజమే సగం పోయి ఉంటుంది. మరికొన్ని ఆధార్ కార్డుకో, పింఛను దరఖాస్తుకో దిగినవి. ఎదురుగా ఫ్లాష్, వెనక తెల్ల గోడ, బిగుసుకుపోయిన దవడ. ఇంటిల్లిపాది ఫోన్లలో వేల ఫొటోలుంటాయి. డెబ్బై ఎనభై ఏళ్లు బతికిన మనిషి తనలా కనిపించే ఫొటో ఒక్కటి వెతికితే దొరకదు. పెద్దకర్మ నాటికి ఫ్లెక్సీ కావాలి కనుక ఆ చిన్న ముఖాన్నే రాత్రికి రాత్రి రెండడుగులకు పెంచి, బుగ్గలు నున్నగా చేసి, వెనక నీలి మేఘాలు పెట్టి ఇస్తారు. ఇందులో ఫొటో ల్యాబ్ వాళ్ల తప్పేమీ లేదు. వాళ్ల చేతికి వచ్చిందే అంత.

ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, గుమ్మం ఉంది, కిటికీ ఉంది. అంతకు మించి సామాను అక్కర్లేదు. ఒక ఉదయం ఓ అరగంట, కొంత పద్ధతి, ఎదుటి మనిషి మీద శ్రద్ధ ఉంటే చాలు. మీ పాఠకులు తమ ఇంటి పెద్దవాళ్లకు తలా ఒక మంచి ఫొటో ఈ నెలలోనే తీసి, ప్రింటు వేయించి, వాళ్ల చేతిలో పెట్టాలన్నది నా విన్నపం. అందుకు పనికొచ్చే వివరాలు రాస్తున్నాను. ఉత్తరం పొడవైనా పూర్తిగా వేయమని కోరుతున్నాను.

ముందుగా ఒక చిక్కు ఉంది. అరవై డెబ్బై దాటినవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఫొటో తీస్తామంటే "దండ వేయడానికా" అన్న అనుమానం వస్తుంది. పైకి అనకపోయినా లోపల ఉంటుంది. అందుకే ఒంటరి ఫొటోతో మొదలుపెట్టకండి. ముందు దంపతులిద్దరినీ కలిపి తీయండి, తర్వాత మనవలతో తీయండి, ఆ తర్వాత పిల్లలు పక్కకు తప్పుకున్నాక ఆ కుర్చీలోనే ఒక్కరిని తీయండి. అప్పటికి కెమెరా కొత్త కూడా పోయి ఉంటుంది. ఏం కట్టుకోవాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. రోజూ కట్టే నేతచీరలో ముఖం తేలికగా ఉంటుందన్నది నిజమే. కానీ ఆవిడ పట్టుచీర కట్టుకుంటానంటే అది ఆవిడ ఇష్టం. కట్టుడు పళ్లు పెట్టుకోవడం, తీసేయడం, కండువా వేసుకోవడం, బొట్టు ఏ సైజు పెట్టుకోవాలన్నది, అన్నీ అంతే. ఒక అద్దం అందుబాటులో ఉంచి, వాళ్లు సరిచూసుకునేదాకా ఆగండి.

మనిషికి నమ్మకం కుదిరితేనే ముఖం తెరుచుకుంటుందన్న సంగతి ఫొటోగ్రఫీ తొలినాళ్ల నుంచీ తెలిసిందే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాని బాధ్యత ఒక ఇంగ్లిషు మహిళకు అప్పగించారు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ముందు ఫొటో దిగరు కనుక, దిగేవాళ్లకు తగ్గట్టు స్టూడియోనే మార్చారాయన. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48వ ఏట కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. ఆమె ఇంగ్లండులో కోళ్ల గూడును స్టూడియోగా మార్చుకుని ఇంటివాళ్లను, పనివాళ్లను, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి తీసిన ముఖాలు ఇవాళ్టికీ ప్రపంచంలోని గొప్ప పోర్ట్రెయిట్లలో నిలిచాయి. ఆవిడ కాలంలో ఒక్కో ఫొటోకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. మన ఫోన్‌కు రెప్పపాటు చాలు. ఆమె దగ్గర ఉన్నవీ మనకు ఉన్నవే: ఒక వైపు నుంచి వచ్చే వెలుగు, బాగా తెలిసిన మనుషులు.

వెలుగు గురించే ఎక్కువ చెప్పాలి, ముఖాన్ని చెక్కేది అదే కనుక. మన ఇళ్లలో అన్నిటికంటే మంచి స్టూడియో వీధి గుమ్మం. గుమ్మానికి ఒకటి రెండు అడుగుల లోపల, ఎండ నేరుగా పడని చోట పీటో స్టూలో వేసి, మనిషిని వీధి వైపు తిప్పి కూర్చోబెట్టండి. మీరు బయట నిలబడండి. ఆకాశపు వెలుగు మెత్తగా ముఖం మీద పడుతుంది, వెనక గదంతా దానంతటదే చీకటవుతుంది. క్యాలెండరు, స్విచ్‌బోర్డు, టీవీ ఏవీ కనపడవు. లోపలి లైట్లన్నీ ఆపేయాలి. మనిషి ముఖాన్ని సూటిగా బయటికి కాకుండా కాస్త పక్కకు తిప్పితే ఒక చెంప వెలుగులో, రెండోది మెల్లగా నీడలోకి జారుతూ, కళ్ల చుట్టూ ముడతలు, నుదుటి గీతలు లోతుగా కనిపిస్తాయి. మనిషిని అడుగు వెనక్కి జరిపితే వెలుగు చాలా తగ్గుతుంది, ముందుకు జరిపితే పెరుగుతుంది. ఆ మార్పు కంటితో చూస్తూ సరిచేసుకోండి.

కిటికీ అయితే ఉత్తరం వైపుది మేలు. అటు నుంచి ఏడాదిలో చాలా భాగం నేరుగా ఎండ రాదు, వెలుగు నిలకడగా ఉంటుంది. తూర్పు కిటికీలో ఎండ పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డంగా కట్టండి. మనిషి కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి. నీడ వైపు చెంప మరీ నల్లబడితే అటు పక్క రెండడుగుల దూరంలో తెల్ల దుప్పటి గానీ, థర్మాకోల్ షీటు గానీ నిలబెట్టండి. దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ పల్చబడుతుంది. నీడను పూర్తిగా చెరిపేయకండి. నీడ లేని ముఖం పాస్‌పోర్టు ఫొటో అవుతుంది.

కంట్లో ఒక వెలుగు చుక్క పడిందా లేదా చూడండి. కిటికీ గానీ గుమ్మం గానీ కంటి గుడ్డులో చిన్నగా మెరవాలి. ఆ చుక్క లేకపోతే చూపులో జీవం పోతుంది. తల వంచుకున్నందువల్ల గానీ, వెలుగు మరీ పైనుంచి వస్తున్నందువల్ల గానీ అది పోతుంది. గడ్డం కొద్దిగా ఎత్తమంటే చాలాసార్లు తిరిగి వస్తుంది. మబ్బు పట్టిన రోజు ఆరుబయట తీస్తే వెలుగంతా నెత్తి మీంచి దిగి కనుగుంతలు నల్లబడతాయి. అప్పుడు ఒళ్లో తెల్ల తువ్వాలు పరిచి ఫ్రేములోకి రాకుండా తీయండి, కింది నుంచి వెలుగు ఎగసి కళ్లను తేల్చుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అసలు తీయకండి. వేపచెట్టు నీడ బాగుంటుందనుకుంటారు గానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖాన్ని పాడుచేస్తాయి. దట్టమైన మామిడి నీడ, వసారా అరుగు, గడ్డివాము నీడ పడే వైపు, ఇవి మేలు.

ట్యూబులైటు ఆపమన్నందుకు కారణం ఉంది. కిటికీ వెలుగుదొక రంగు, ఇంట్లో బల్బుదొక రంగు. రెండూ కలిస్తే ఒక చెంప పచ్చగా, ఒక చెంప నీలంగా పడుతుంది. కెమెరా ఒకదాన్ని సరిచేస్తే రెండోది ఇంకా చెడుతుంది. గోడల రంగూ అంతే. ఆకుపచ్చ సున్నం వేసిన గోడకు ఆనించి కూర్చోబెడితే ఆ పచ్చదనం చెంప మీద తేలుతుంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ గడ్డం కిందా చేతుల మీదా ఎరుపు పులుముతుంది. మనిషికీ వెనక గోడకూ మధ్య నాలుగైదు అడుగులన్నా ఉండాలి.

ఇక దూరం. ఫోన్‌తో తీసిన ముఖాలు చెడటానికి మొదటి కారణం మరీ దగ్గరగా వెళ్లడం. ఫోన్ ప్రధాన కెమెరా పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో సుమారు 24 నుంచి 26 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు. ముఖం తెర నిండా రావాలని అడుగున్నర దూరానికి వెళతాం. ముక్కు కొన కంటే చెవులు అయిదు అంగుళాలు వెనక ఉంటాయి. అంత దగ్గర్నుంచి చూసినప్పుడు ఆ అయిదు అంగుళాలే పెద్ద తేడా తెస్తాయి. ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి, నుదురు గుండ్రమవుతుంది. "నేనిలా ఉన్నానా" అని పెద్దవాళ్లు ఫోన్ పక్కకు తోసేయడం ఇందువల్లే. అయిదారు అడుగుల దూరంలో ఉండి 2ఎక్స్ (రెండు రెట్ల జూమ్) నొక్కండి. దూరంగా ఉన్నదాన్ని మూడు రెట్లు దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు విడిగా ఉన్న ఫోన్ అయితే 3ఎక్స్ ఇంకా బాగుంటుంది. అది లేని ఫోన్లో 3ఎక్స్, 5ఎక్స్ నొక్కితే మధ్య ముక్కను కత్తిరించి సాగదీస్తుంది కనుక వివరం పోతుంది, 2ఎక్స్ దగ్గరే ఆగండి. కెమెరా ఉన్నవాళ్లు దానితో పాటే వచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్సును 55 దగ్గర పెట్టి వాడండి. లేదా 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు వాడండి, పోర్ట్రెయిట్లకు దానికంటే చవకైన మంచి లెన్సు లేదు. కానీ ఎఫ్ 1.8 దగ్గరే తీయకండి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదై, స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. చిన్న సెన్సరు కెమెరాతో నాలుగడుగుల నుంచి తీస్తే ఫోకస్ లోతు రెండంగుళాలు కూడా ఉండదు. తల కాస్త తిరిగిందంటే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వస్తుంది. ఎఫ్ 4 దగ్గర రెండు కళ్లూ కుదురుగా ఉంటాయి. ఫోకస్ ఎప్పుడూ మనకు దగ్గరున్న కంటి మీదే పెట్టాలి. షట్టర్ వేగం, అంటే వెలుగు లోపలికి వచ్చే వ్యవధి, సెకనులో 1/125వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. మాట్లాడుతూ చేతులు తిప్పే మనిషికి 1/250 కావాలి. అందుకోసం, వెలుగుకు కెమెరా ఎంత తీవ్రంగా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ 800, 1600 దాకా పెంచినా ఫరవాలేదు. ప్రింటులో కాస్త గరుకు కనపడినా ఎవరూ పట్టించుకోరు, కదిలిన ముఖం మాత్రం ఎందుకూ పనికిరాదు.

ఫోన్‌ను వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకోవాలి. వాళ్లు పీట మీద కూర్చుంటే మీరూ నేల మీద కూర్చోండి. నిలబడి కిందికి తీస్తే తల పెద్దదై ఒళ్లు చిన్నదవుతుంది, చూసేవాళ్లకు ఆ మనిషి అణిగినట్టు కనిపిస్తాడు. తీసే ముందు లెన్సు తుడవండి. వంటింటి నూనె, వేళ్ల జిడ్డు లెన్సు మీద పొరలా ఉంటుంది. వెలుగు ఎదురుగా ఉన్నప్పుడు ఫొటో అంతా పొగ కమ్మినట్టు రావడానికి అదే కారణం. కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డ చాలు.

వెలుగు కొలతను కెమెరాకు వదిలేయకండి. కెమెరా తన ముందున్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగుకు వచ్చేలా లెక్క కడుతుంది. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, తెల్ల గోడ ఉంటే వాటిని తగ్గించబోయి ముఖాన్ని నల్లబరుస్తుంది. గుమ్మంలో చీకటి నేపథ్యం ఉంటే ఆ చీకటిని పైకి లాగబోయి నుదురు, ముక్కు తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. ఫోన్లో ముఖం మీద వేలు పెట్టి కొన్ని క్షణాలు నొక్కి ఉంచితే ఫోకసూ వెలుగూ అక్కడే లాక్ అవుతాయి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దికొద్దిగా కిందికి లాగుతూ నుదుటి మీద చర్మపు గరుకుతనం కనపడేదాకా తగ్గించండి. నల్లబడిన చోటు తర్వాత కొంత తేల్చుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఫోన్లలో బ్యూటీ అనే సెట్టింగ్ కొన్నప్పటి నుంచే పని చేస్తూ ఉంటుంది. అది చర్మాన్ని నున్నగా చేస్తుంది, చామనఛాయను తెల్లబరుస్తుంది, కొన్ని ఫోన్లలో కళ్లు పెద్దవి చేసి గడ్డం సన్నం చేస్తుంది. ముందు కెమెరాలోనూ వెనక కెమెరాలోనూ విడివిడిగా చూసి దాన్ని సున్నాకు తెచ్చి తీరాలి. పొలంలో పనిచేసిన మనిషి మెడ మీద ఎండ గీతలు, తాతయ్య కనుబొమ మీది పాత మచ్చ, ముక్కుపుడక దగ్గర సాగిన చర్మం, వీటిని చూసే మనం ఆ మనిషిని గుర్తుపడతాం. అవి తీసేస్తే మిగిలే ముఖం ఎవరిదైనా కావచ్చు. వెనక భాగాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్ వాడటం తప్పు కాదు గానీ, మసక మోతాదు సగానికి తగ్గించండి. ఫోన్ లెక్క వేసి గీసిన అంచు కనుక నెరసిన జుట్టు పోగులు, జడలో మల్లెపూలు, కళ్లజోడు కాడలు, చేతికర్ర సగం మాయమవుతుంటాయి. తీసిన వెంటనే పెద్దది చేసి చెవుల దగ్గర, జుట్టు అంచున చూసుకోండి. ఎలాగూ గుమ్మంలో కూర్చోబెడితే వెనక చీకటే కనుక ఆ మోడ్ అవసరమే ఉండదు.

సాంకేతికంగా ఇంతవరకు సరిగా చేసినా ముఖంలో భావం లేకపోతే ఫొటో లేనట్టే. "నవ్వండి", "స్మైల్ ప్లీజ్" అనకండి. ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లోనే ఫొటోల సాయంతో చూపించినట్టు, నిజమైన నవ్వులో పెదవులతో పాటు కంటి చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకుంటుంది. ఆ కండరం అడిగితే కదలదు, లోపల సంతోషం కలిగితేనే కదులుతుంది అన్నాడాయన. అందువల్ల ఫొటోకు మరో మనిషి సాయం కావాలి. వాళ్లకు ఇష్టమైన చెల్లెలో, పాత స్నేహితుడో, మనవరాలో మీ భుజం పక్కనే కూర్చుని కబుర్లలో పెట్టాలి. అవునూ కాదూ అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. "తొలి జీతంతో ఏం కొన్నావు తాతయ్యా", "నీ పెళ్లికి మీ ఊరి నుంచి ఎలా వచ్చారు అమ్మమ్మా", "ఈ పులుసు ఎవరి దగ్గర నేర్చుకున్నావు అత్తయ్యా" అంటే జవాబు కోసం మనిషి తన జ్ఞాపకాల్లోకి వెళ్లి వస్తుంది. ఆ వెళ్లడం, రావడం రెండూ ముఖంలో కనిపిస్తాయి. మొదటి పది నిమిషాల ఫొటోలు పనికిరావని ముందే అనుకోండి. కెమెరా ఉందన్న స్పృహ తగ్గాలంటే అంత సమయం పడుతుంది. తీసిన ప్రతిదీ తిప్పి చూపించకండి, చూపించిన ప్రతిసారీ మళ్లీ బిగుసుకుంటారు.

ఎప్పుడు నొక్కాలన్నది అనుభవం మీద వస్తుంది, ఒక గుర్తు మాత్రం చెప్పగలను. పకపకా నవ్వుతున్నప్పుడు కళ్లు మూసుకుపోతాయి, పళ్లే కనిపిస్తాయి. ఆ నవ్వు ఆగి, పెదవులు ఇంకా పూర్తిగా కలవక ముందు ఒక శ్వాస తీసుకునేంత వ్యవధి ఉంటుంది. కంటి చివర నవ్వు ఇంకా ఉంటుంది, ముఖం మాత్రం తన సహజ స్థితికి వచ్చేస్తుంది. అప్పుడు వరసగా మూడు నాలుగు తీయండి. అలాగే మాట కోసం తడుముకునే క్షణం, ఎవరి పేరో చెప్పి ఆగే క్షణం. నవ్వే కావాలని పట్టుపట్టకండి. గంభీరంగా ఉండే మనిషిని గంభీరంగానే తీయాలి. ఇంకో జాగ్రత్త ఉంది. 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లను ఆ సంగతి అడిగితే ముఖం మారిపోతుంది, బలమైన ఫొటో కూడా వస్తుంది. అయినా ఫొటో కోసం ఒకరి దుఃఖాన్ని తవ్వకూడదు. వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటే ఫోన్ దించి వినండి.

కొన్ని ఫొటోల్లో చూపు లెన్సు వైపు, కొన్నింటిలో పక్క మనిషి వైపు ఉండేలా తీసుకోండి. లెన్సులోకి చూసే ఫొటో గోడ మీద మనతో మాట్లాడుతున్నట్టుంటుంది. పక్కకు చూసేదాంట్లో మనిషి తన లోకంలో ఉంటుంది. పెద్దవాళ్లకు ఫోన్లో లెన్సు ఎక్కడుందో తెలియక మీ చేతి వేళ్లనో, మీ ముఖాన్నో చూస్తారు. లెన్సు పక్కన ఒక బొట్టుబిళ్ల అంటించి దాన్ని చూడమంటే సరిపోతుంది. వినికిడి తక్కువైనవాళ్లకు మీ దూరం నుంచి కేకలు వేయకండి, కేక వినగానే ముఖం ముడుచుకుంటుంది. మాట్లాడే మనిషినే వాళ్లకు దగ్గరగా కూర్చోబెట్టండి.

చేతులు ఖాళీగా ఉంటే ముఖం కూడా తోచక ఇబ్బంది పడుతుంది. పూలు కట్టడం, చిక్కుడుకాయలు ఒలవడం, తమలపాకుకు సున్నం రాయడం, పత్రిక చదవడం, ఇలా రోజూ చేసే పని ఏదో ఒకటి చేతికివ్వండి. ఆ పనిలో ఉండగా పేరు పెట్టి మెల్లగా పిలవండి, తలెత్తి చూసే చూపు సహజంగా ఉంటుంది. చేతులు ముఖం కంటే లెన్సుకు దగ్గరైతే పెద్దవిగా, వెలుగుకు దగ్గరైతే తెల్లగా వస్తాయి కనుక ఛాతీకి దగ్గరగా ఉంచమనండి. కుర్చీలో వెనక్కి వాలితే గడ్డం కింద మడత పడుతుంది, మోకాళ్ల వైపు కాస్త ముందుకు వంగితే అది పోయి మెడ నిటారవుతుంది. ఫ్రేమును మణికట్టు దగ్గర, మోచేయి దగ్గర, మెడ దగ్గర తెంచకండి. నడుము పై వరకో, ఛాతీ మధ్య వరకో ఉంచి, తల మీద ఎక్కువ ఖాళీ వదలకుండా కళ్లు పై మూడో వంతులో వచ్చేలా చూడండి.

కళ్లజోడు తీయించకండి. రోజూ పెట్టుకునేవాళ్లకు అది ముఖంలో భాగం. తీస్తే ముక్కు మీద నొక్కుల గుర్తులు కనిపిస్తాయి, చూపు కూడా చెదురుతుంది. అద్దాల మీద కిటికీ మెరిస్తే కాడలను చెవుల మీద అర అంగుళం పైకి లేపమనండి. అద్దాలు కిందికి వంగి మెరుపు తప్పుకుంటుంది. అప్పటికీ పోకపోతే కుర్చీని కొద్దిగా తిప్పి వెలుగు మరింత పక్క నుంచి వచ్చేలా చేయండి.

చిన్నపిల్లలకు ఈ పద్ధతులన్నీ పనిచేయవు. కదలకుండా కూర్చోమనకుండా కిటికీ వెలుగు పడే చోట వాళ్ల ఆటవస్తువులు పరిచి, నేల మీద బోర్లా పడుకుని 1/500 షట్టర్‌తో తీయడమే. స్నేహితుల సంగతి వేరు. వాళ్లకు కెమెరా ముందు వేషాలు వేయడం అలవాటు, అవి అయిపోయేదాకా ఓపిక పట్టాలి. కుటుంబమంతా కలిసిన ఫొటోకు తలలన్నీ ఒకే వరసలో లేకుండా కొందరిని కూర్చోబెట్టి, కొందరిని నిలబెట్టి, భుజాలు తగిలేంత దగ్గరకు జరపండి. కెమెరా అయితే ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య పెట్టి ముందు వరసలోని కళ్ల మీద ఫోకస్ చేయండి. ఎనిమిది మంది ఉంటే పదికి తక్కువ తీయకండి, ఎవరో ఒకరు రెప్ప వేస్తూనే ఉంటారు.

విదేశాల నుంచి సెలవుకు వచ్చే పిల్లలు దీన్ని వెళ్లే రోజు వరకు వాయిదా వేస్తారు. ఆ రోజు సూట్‌కేసులు, కన్నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. వచ్చిన మొదటి వారంలోనే ఒక ఉదయం కేటాయించండి. వీడియోకాల్ స్క్రీన్‌షాట్లు దాచుకుంటున్నవాళ్లు తెలుసుకోవలసింది, వాటిలో వివరం చాలా తక్కువ, అరచేతి సైజు ప్రింటుకు కూడా సరిగా రావు.

తీసిన వాటిలోంచి రెండు మూడే ఎంచి, మిగిలినవి పక్కన పెట్టండి. దిద్దుబాటు అంటే వెలుగు కొద్దిగా సరిచేయడం, అంచులు కత్తిరించడం, అంతే. గోడ రంగో చీర రంగో ముఖాన్ని మింగేస్తుంటే నలుపు తెలుపు చేసి చూడండి. ల్యాబ్‌కు ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది అయిదున్నర అంగుళాలకు కూడా చాలదు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. 8×10 అంగుళాల ప్రింటుకు 2400×3000 పిక్సెళ్లు కావాలి, అంటే ఏడు మెగాపిక్సెళ్ల పైచిలుకు. ఏ ఫోన్‌కైనా అది చిన్న పనే. సైజు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఫోన్ ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది. 4×6, 12×18 ప్రింట్లు 3:2లో ఉంటాయి. అలాగే ఇచ్చేస్తే, అడ్డంగా తీసిన ఫొటోను మిషన్ పైనా కిందా కత్తిరించి నుదురో గడ్డమో తీసేస్తుంది, నిలువుగా తీసినదాన్ని రెండు పక్కలా కత్తిరిస్తుంది. 6×8, 9×12, 12×16 సైజులు ఫోన్ ఫొటోకు సరిగ్గా సరిపోతాయి. ఇచ్చేటప్పుడే "స్కిన్ స్మూత్ చేయొద్దు, బ్యాక్‌గ్రౌండ్ మార్చొద్దు, ఉన్నదున్నట్టు వేయండి" అని చీటీ మీద రాసివ్వండి. నోటితో చెబితే పని ఒత్తిడిలో మరిచిపోతారు. చేతికిచ్చి చూసుకునే ప్రింటుకు మ్యాట్ కాగితం మంచిది, వేలిముద్రలు పడవు, ట్యూబులైటు మెరవదు.

ఫ్రేము కట్టించేటప్పుడు ప్రింటుకూ అద్దానికీ మధ్య, ఫొటో కనిపించేలా నడుమ కోసిన మౌంట్ అట్ట పెట్టమనండి. లేకపోతే వానాకాలపు తేమకు ప్రింటు అద్దానికి అతుక్కుపోయి, తీయబోతే ముఖం పొర లేచిపోతుంది. ఎండ పడే గోడకు, చెమ్మ దిగే గోడకు తగిలించకండి. మొదటి ప్రింటు ఆ పెద్దవాళ్ల గదిలోనే ఉండాలి. వాళ్లు చూసుకుని, వచ్చినవాళ్లకు చూపించుకోవాలి. స్టేటస్‌లో పెట్టే ముందు కూడా వాళ్లనడగండి. వద్దంటే పెట్టకండి.

ప్రింటు వెనక పేరు, ఊరు, తీసిన నెల, సంవత్సరం ఉండాలి. బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి రాస్తే ముందు వైపు ముఖం మీద గీతలు తేలతాయి. చిన్న కాగితం మీద రాసి అంచున అతికించండి. అసలు ఫైలు మూడు చోట్ల ఉంచండి. ఫోన్లో ఒకటి, కంప్యూటర్‌లోనో హార్డ్ డిస్కులోనో ఒకటి, వేరే ఊళ్లో ఉండే అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో ఒకటి. ఫోన్ నీళ్లలో పడినా, ఇల్లు మారినా ఏదో ఒక చోట మిగులుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి